ఇన్వర్టర్‌లో రాగి పట్టీ కూడా ఒక పరికరమే: బొమ్మలో కనిపించని ఇండక్టెన్స్‌ను ఎలా లెక్కగడతారు

2025 ఆగస్టు 12న కేంద్ర మంత్రివర్గం ఒకేసారి నాలుగు సెమీకండక్టర్ ప్రాజెక్టులకు పచ్చజెండా ఊపింది. వాటిలో భువనేశ్వర్‌లో రాబోయే సిక్‌సెమ్ ప్లాంటు సిలికాన్ కార్బైడ్ చిప్‌లు తయారు చేస్తుంది. 2018 ప్రాంతంలో టెస్లా తన మోడల్ 3 కారు ఇన్వర్టర్‌లో ఈ రకం చిప్‌లు వాడిన దగ్గర్నుంచి విద్యుత్ వాహనాల వార్తల్లో వీటి పేరు మోగుతూనే ఉంది. వేగంగా స్విచ్ అవుతాయి, తక్కువ వేడెక్కుతాయి, అదే బ్యాటరీతో బండి ఇంకాస్త దూరం పోతుంది అంటారు. అన్నీ నిజాలే. వార్తల్లోకి రాని సంగతి ఒకటుంది. పాత సిలికాన్ ఐజీబీటీ (కరెంటును వదిలీ ఆపీ చేసే ఎలక్ట్రానిక్ స్విచ్) ఊడదీసి ఆ జాగాలో కొత్త చిప్ బిగించి, చుట్టూ ఉన్న రాగినీ బోల్టులనూ వైర్లనూ ఎప్పట్లాగే వదిలేస్తే ఇన్వర్టర్ బాగుపడకపోగా కాలిపోయే అవకాశమే ఎక్కువ. చిప్ మంచిదే. దాన్ని కెపాసిటర్‌తో కలిపే రాగి పట్టీ దగ్గరే వస్తుంది గొడవంతా.

ఆ రాగి ఏం చేయబోతోందో పెట్టె తయారవకముందే లెక్కగట్టడాన్ని ఇంటర్‌కనెక్షన్ల విద్యుదయస్కాంత మోడలింగ్ అంటున్నారు. పేరు భారీగా ఉన్నా లోపలి సంగతి ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంతోనే మొదలవుతుంది. చిక్కులు తర్వాత వస్తాయి.

సర్క్యూట్ బొమ్మ దాచిపెట్టే సంగతి

ముందు పేర్లు తేల్చుకుందాం. ఒక రూపంలో ఉన్న కరెంటును ఇంకో రూపంలోకి మార్చేది కన్వర్టర్. అందులో డీసీని ఏసీగా మార్చేదాన్ని ఇన్వర్టర్ అంటాం. కరెంటు పోయినప్పుడు ఇంట్లో ఫ్యాను తిప్పేదీ, విద్యుత్ కారులో మోటారును నడిపేదీ, పొలంలో సోలార్ పంపు కంట్రోలర్ లోపల ఉండేదీ అన్నీ ఈ జాతే. లోపల జతలు జతలుగా స్విచ్‌లుంటాయి. అవి ఐజీబీటీలో మాస్‌ఫెట్‌లో అయ్యుంటాయి. పక్కనే డీసీని కాసేపు నిల్వ ఉంచి స్విచ్‌లకు అందించే డీసీ లింక్ కెపాసిటర్ ఉంటుంది. స్విచ్‌లు సెకనుకు వేలసార్లు ఆన్, ఆఫ్ అవుతూ డీసీని ముక్కలు చేసి మోటారుకు కావలసిన ఆకారంలో పేరుస్తాయి.

జతలో ఒక స్విచ్ ఆగినప్పుడు దాని పని రెండోది అందుకుంటుంది. ఆ మార్పిడి జరిగే క్షణంలో కరెంటు ఒక దారి వదిలి ఇంకో దారి పడుతుంది. కెపాసిటర్ ప్లస్ నుంచి పై స్విచ్, అక్కణ్నుంచి కింది స్విచ్, తిరిగి కెపాసిటర్ మైనస్: ఈ చుట్టును కమ్యుటేషన్ లూప్ అంటారు. వ్యాసంలో చాలా భాగం ఈ ఒక్క చుట్టు గురించే.

సర్క్యూట్ బొమ్మలో ఈ చుట్టు నాలుగు గీతలు. గీతకు పొడవు, వెడల్పు లేవు, అది ఎక్కడ వంగిందో లెక్కలేదు. బల్ల మీదున్న రాగి అలా కాదు. దానికి రెసిస్టెన్స్ ఉంది, చుట్టూ అయస్కాంత క్షేత్రం ఉంది కాబట్టి ఇండక్టెన్స్ ఉంది, పక్క రాగితో విద్యుత్ క్షేత్రం ఉంది కాబట్టి కెపాసిటెన్స్ ఉంది. ఎవరూ కోరి పెట్టలేదు కాబట్టి వీటిని పారసైటిక్స్ అంటారు. ఇన్వర్టర్లు చేసేవాళ్ల నోట్లో మాత్రం ఎక్కువగా ‘స్ట్రే’ అనే పలుకుతుంది.

300 ఆంపియర్లు, 100 నానోసెకన్లు

ఇండక్టెన్స్‌కు ఒకటే గుణం. పారుతున్న కరెంటు మారడం దానికి గిట్టదు. బోరు నీళ్లు జోరుగా పోస్తుండగా చివర గేటువాల్వు ఠక్కున కట్టేస్తే పైపు ధన్‌మని అదురుతుంది కదా, ఇక్కడా అదే జరుగుతుంది. కరెంటును ఎంత తొందరగా ఆపితే అంత వోల్టేజీ ఎదురు తన్నుతుంది. సూత్రం చిన్నది: వోల్టేజీ = ఇండక్టెన్స్ × కరెంటు మారే వేగం. ఇండక్టెన్స్‌ను నానోహెన్రీల్లోనూ, వేగాన్ని నానోసెకనుకు ఇన్ని ఆంపియర్లనీ పెట్టుకుంటే జవాబు నేరుగా వోల్టుల్లో వస్తుంది.

600 వోల్టుల డీసీ మీద నడిచే ఇన్వర్టర్ ఒకటి తీసుకుందాం. స్విచ్ 1200 వోల్టుల దాకా తట్టుకునే ఐజీబీటీ. కెపాసిటర్ నుంచి దాని దాకా రెండు రాగి కడ్డీలు, ఒక్కోటి 10 మిల్లీమీటర్ల వ్యాసం, 20 సెంటీమీటర్ల పొడవు. మధ్య ఎడం 10 సెంటీమీటర్లు. చూడ్డానికి దిట్టంగా ఉంటుంది. 300 ఆంపియర్లు పారినా రెసిస్టెన్స్ వల్ల ఆ కడ్డీల్లో పోయేది 0.03 వోల్టు. రెసిస్టెన్స్ ఒక్కటే చూసేవాళ్లు భేష్ అంటారు.

ఇప్పుడు ఇండక్టెన్స్ చూద్దాం. ఒకటి తీసుకెళ్లేది, ఒకటి తీసుకొచ్చేదిగా ఉన్న రెండు గుండ్రటి కడ్డీలకు దాదాపుగా: 0.4 × పొడవు మిల్లీమీటర్లలో × (ఎడం ÷ వ్యాసార్ధం)కు సహజ లాగరిథమ్. ఎడం 100, వ్యాసార్ధం 5, భాగిస్తే 20, దాని లాగరిథమ్ సుమారు 3. అంటే 0.4 × 200 × 3 = 240 నానోహెన్రీలు. ఐజీబీటీ 300 ఆంపియర్లను 100 నానోసెకన్లలో ఆపిందనుకుంటే వేగం 3 అవుతుంది. 240 × 3 = 720 వోల్టులు. ఇది 600కు తోడైతే 1320. స్విచ్ హద్దు 1200. పేలడానికి ఇంకేం కావాలి?

మందపాటి కడ్డీ వేస్తే సరిపోదా అంటే, వ్యాసం రెట్టింపు చేసి చూడండి. రాగి నాలుగింతలవుతుంది. లాగరిథమ్ మాత్రం 3 నుంచి 2.3కే దిగుతుంది, ఇండక్టెన్స్ పావు వంతు కూడా తగ్గదు. రాగి ఎంత పోశామన్నది ఇక్కడ పెద్దగా పనిచేయదు. వెళ్లే దారికీ వచ్చే దారికీ మధ్య ఎంత ఖాళీ వదిలామన్నదే పనిచేస్తుంది.

పట్టీ మీద పట్టీ

అందుకే పెద్ద ఇన్వర్టర్లలో కడ్డీల బదులు లామినేటెడ్ బస్‌బార్ వాడతారు. వెడల్పాటి రెండు రాగి రేకులు, ఒకటి ప్లస్‌కు, ఒకటి మైనస్‌కు, మధ్యలో పల్చటి ఇన్సులేషన్ పొర. దీని సూత్రం ఇంకా తేలిక: 1.257 × మధ్య పొర మందం × పొడవు ÷ వెడల్పు, కొలతలన్నీ మిల్లీమీటర్లలో. పొర 0.5, పొడవు 200, వెడల్పు 100 పెట్టండి. వచ్చేది 1.26 నానోహెన్రీలు. 240 ఎక్కడ, 1.26 ఎక్కడ! 3 ఆంపియర్ల వేగానికి ఎదురు తన్నేది 4 వోల్టుల లోపే. దగ్గరగా ఉన్నందువల్ల రేకుల మధ్య సుమారు 1.2 నానోఫారడ్ల కెపాసిటెన్స్ కూడా పుడుతుంది. అది ప్లస్, మైనస్‌ల మధ్య కాబట్టి నష్టమేమీ లేదు, పైగా డీసీ లింక్‌కు కాస్త సాయం.

ఈ 1.26 చూసి సంబరపడే ముందు రేకు చివర్లకు వెళ్దాం. అక్కడ బోల్టులుంటాయి. మాడ్యూల్ (స్విచ్ చిప్‌లు లోపల ఉన్న దిమ్మ) ప్లస్ టెర్మినల్ మీదికి ఒక బోల్టు, మైనస్ మీదికి ఒకటి. రెండూ తాకకుండా ఉండాలంటే ఎడం కావాలి, ప్లస్ బోల్టు చుట్టూ మైనస్ రేకుకు పెద్ద బొక్క కొట్టాలి. ఆ బొక్క దగ్గర ఒక రేకు ఉంటుంది, దాని జోడీ ఉండదు. ఒక బోల్టు, దాని కింది స్పేసర్ కలిపి 15 మిల్లీమీటర్ల ఎత్తు, 8 మిల్లీమీటర్ల వ్యాసం అనుకుందాం. రెండింటి మధ్య 22 మిల్లీమీటర్లు. కడ్డీల సూత్రమే వాడితే 0.4 × 15 × 1.7, అంటే 10 నానోహెన్రీలు. ఆ సూత్రం పొడవాటి తీగలది, ఇంత పొట్టి వాటికి ఎక్కువే చూపిస్తుంది. సగానికి కాస్త పైన, 6 అనుకుందాం. అయినా 20 సెంటీమీటర్ల రేకులో ఉన్నదానికి దాదాపు అయిదింతలు ఈ ఒకటిన్నర సెంటీమీటర్‌లో ఉంది.

లూప్ మొత్తం చిట్టా వేస్తే ఇలా తేలుతుంది. రేకులు 1.3, కెపాసిటర్ వైపు, మాడ్యూల్ వైపు బోల్టులు కలిపి 12, మాడ్యూల్ లోపల 15, కెపాసిటర్ లోపల 7. కలిపితే 35 నానోహెన్రీలకు కాస్త పైన. మాడ్యూల్‌కూ కెపాసిటర్‌కూ నేను పెట్టినవి మామూలుగా కనిపించే స్థాయి అంకెలు, ఏ ఒక్క కంపెనీవీ కావు. ఐజీబీటీతో 35 × 3 = 105 వోల్టులు, మొత్తం 705. హాయిగా ఉంది. అదే పెట్టెలో 300 ఆంపియర్లను 20 నానోసెకన్లలో ఆపే సిలికాన్ కార్బైడ్ మాస్‌ఫెట్ బిగిస్తే వేగం 15. 35 × 15 = 525, మొత్తం 1125. ఇక 1200కు మిగిలింది 75. మొదట్లో అన్న ‘కాలిపోయే అవకాశం’ ఇదే.

ఇండక్టెన్స్ ఎవరిది, ముక్కదా లూపుదా?

పైన నేను చేసినట్టు రేకుకు ఇంత, బోల్టుకు ఇంత అని పంచడం న్యాయమేనా? ఇంజనీర్ల మధ్య పాత తగవు ఇది. ఇండక్టెన్స్ అంటే ఒక చుట్టు గుండా పోయే అయస్కాంత ప్రవాహాన్ని కరెంటుతో భాగిస్తే వచ్చేది. చుట్టు లేకుండా ప్రవాహం లేదు. కాబట్టి ఇండక్టెన్స్ లూప్‌కే ఉంటుంది, ముక్కకు ఉండదు, ముక్కకు ఉందంటే అది కొలవడానికి వీల్లేని అంకె అని ఒక పక్షం వాదన. భౌతికశాస్త్ర ప్రకారం ఇందులో తప్పు పట్టడానికేం లేదు.

రెండో పక్షం వాదన పని జరగడం గురించి. నా లూప్‌లో ఏ ముక్కను మారిస్తే ఎంత తగ్గుతుందో తెలియకపోతే నేను డిజైన్ ఎలా చేయాలి? అమెరికా నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో ఎడ్వర్డ్ రోసా 1908లోనే నిటారు తీగ ముక్కలకు విడివిడిగా సూత్రాలు ఇచ్చాడు. 1970ల మొదట్లో ఐబీఎంలో ఆల్బర్ట్ రూలీ దాన్ని పూర్తి పద్ధతిగా మలిచాడు. అప్పట్లో అతని అవసరం ఇన్వర్టర్లు కాదు, కంప్యూటర్ల లోపలి సన్నటి తీగలు. ప్రతి ముక్కకూ ఒక సొంత పార్షియల్ ఇండక్టెన్స్, ప్రతి రెండు ముక్కల మధ్యా ఒక పరస్పర ఇండక్టెన్స్ లెక్కగట్టాలి. అన్నీ సరైన గుర్తులతో కలిపితే లూప్ విలువ దానంతటదే వస్తుంది. విడి అంకెకు అర్థముందా అన్న తగవు అలాగే ఉంటుంది, కలిపిన అంకె మాత్రం ఇద్దరికీ ఒకటే.

నా మటుకు రెండో పక్షం వైపే మొగ్గు, కానీ ఒక హెచ్చరికతో. మన రేకులనే తీసుకుందాం. 20 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ఒక్క రేకు సొంత పార్షియల్ ఇండక్టెన్స్ సుమారు 79 నానోహెన్రీలు. రెండు రేకులు, కరెంట్లు ఎదురెదురు. లూప్ = 79 + 79 − 2 × పరస్పర ఇండక్టెన్స్. జవాబు 1.26 రావాలంటే పరస్పర ఇండక్టెన్స్ 78.4 దగ్గర ఉండాలి. ఇప్పుడు ఆ పరస్పర విలువను లెక్కగట్టడంలో ఒక్క శాతం తేడా వచ్చిందనుకోండి, అంటే 0.8. రెండింతలు చేస్తే 1.6. మనకు కావలసిన జవాబే 1.26! ఒక్క శాతం తప్పుకే జవాబు రెండింతలకు మించిపోవచ్చు, లేదా సున్నా కంటే కిందికి దిగవచ్చు. రెండు పెద్ద అంకెల మధ్య చిన్న తేడా కోసం వెతికే ఏ లెక్కకైనా ఉండే జబ్బు ఇది. బస్‌బార్ ఎంత బాగుంటే మోడల్ అంత ఖచ్చితంగా ఉండాలి. నాసిరకం బస్‌బార్‌కు నాసిరకం మోడల్ సరిపోతుంది.

గాలిని కోయాలా, రాగిని కోయాలా

రూలీ పద్ధతిని పొడి అక్షరాల్లో పీక్ అంటారు. పార్షియల్ ఎలిమెంట్ ఈక్వివలెంట్ సర్క్యూట్ అనేది పూర్తి పేరు. రాగిని చిన్న చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనూ ఒక రెసిస్టర్‌గా, ఒక ఇండక్టర్‌గా, కొన్ని కెపాసిటర్లుగా మార్చేస్తుంది. చివరికి మన చేతికి వచ్చేది మామూలు సర్క్యూట్. దాన్ని స్విచ్ మోడల్ పక్కన పెట్టి మామూలు సర్క్యూట్ సాఫ్ట్‌వేర్‌లో నడిపించవచ్చు. ఈ ఒక్క సౌకర్యం కోసమే పవర్ ఎలక్ట్రానిక్స్ వాళ్లు దీన్ని హత్తుకున్నారు. ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్ పరిశోధకులు 1990ల నుంచి దీన్ని కన్వర్టర్ల బస్‌బార్లకు మలిచారు. ఇన్‌కా అనే సాఫ్ట్‌వేర్ అక్కడి పనే.

ఇంకో దారి ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి. ఇది రాగితో ఆగదు, చుట్టూ ఉన్న గాలినీ ఇన్సులేషన్‌నూ కూడా కోస్తుంది, ప్రతి చోటా మాక్స్‌వెల్ సమీకరణాలు సాధిస్తుంది. ఫెరైట్ కోర్, ఇనుప మూత లాంటి అయస్కాంత పదార్థాలు పక్కన ఉంటే ఇదే నమ్మకమైనది. పీక్‌కు అలాంటి చోట చేతులు కట్టేసినట్టవుతుంది. కానీ 0.5 మిల్లీమీటర్ల పొర, 20 సెంటీమీటర్ల రేకు, చుట్టూ మీటరు గాలి: ఒకే బొమ్మలో ఇన్ని సైజులుంటే ముక్కల సంఖ్య కొండలా పెరుగుతుంది.

పీక్ చౌక అనుకుంటే అదీ పొరపాటే. ముక్కలు తక్కువే, కానీ ప్రతి ముక్కకూ మిగతా అన్ని ముక్కలతో చుట్టరికం. 1,000 ముక్కలైతే పట్టికలో 10 లక్షల అంకెలు. 10,000 అయితే 10 కోట్లు, ఒక్కో అంకెకు 8 బైట్లు చొప్పున పట్టిక దాచడానికే 80 కోట్ల బైట్లు. దూరంగా ఉన్న ముక్కల గుంపును ఒకే ముద్దగా చూసి ఈ భారం తగ్గించే ఉపాయంతో అమెరికా ఎంఐటీలో 1990ల్లో ఫాస్ట్‌హెన్రీ పుట్టింది. దాన్ని ఉచితంగా అందరి ముందూ పెట్టారు. విద్యార్థులు మొదలుపెట్టడానికి ఇప్పటికీ మంచి సాధనమే.

ముక్కలు అన్నన్ని ఎందుకంటే కరెంటు రాగి అంతటా సమానంగా పారదు. 50 హెర్ట్జ్ దగ్గర అది రాగిలో 9.3 మిల్లీమీటర్ల లోతు దాకా వెళ్తుంది. స్విచ్ మారే క్షణాన్ని ‘అంచు’ అంటారు, 100 నానోసెకన్ల అంచులో ఉండే 3.5 మెగాహెర్ట్జ్ దగ్గర 0.035 మిల్లీమీటర్లే, పైపొర మీద పాకుతుందంతే. పైగా ఎదురుగా ఉన్న రేకు వైపే గుమిగూడుతుంది. కాబట్టి ఒకే బస్‌బార్‌కు తక్కువ ఫ్రీక్వెన్సీలో ఒక ఇండక్టెన్స్, ఎక్కువలో ఇంకాస్త తక్కువ ఇండక్టెన్స్. ‘మీ బస్‌బార్ ఎన్ని నానోహెన్రీలు’ అని ఎవరైనా అడిగితే ‘ఏ ఫ్రీక్వెన్సీలో’ అని ఎదురు అడగడం సబబు.

గేట్ దారిలో దూరిన 5 నానోహెన్రీలు

ఇంతసేపూ కరెంటు పెద్ద దారి చూశాం. స్విచ్‌ను ఆన్ చేసే చిన్న దారి ఇంకొకటి ఉంది, ఆన్, ఆఫ్ ఆజ్ఞలిచ్చే గేట్ డ్రైవర్ నుంచి స్విచ్ గేట్ కాలికి వెళ్లి, పెద్ద కరెంటు బయటికొచ్చే సోర్స్ కాలి నుంచి తిరిగొచ్చేది. మామూలు మూడు కాళ్ల టీఓ-247 ప్యాకేజీలో ఈ రెండు దారులూ సోర్స్ కాలును పంచుకుంటాయి. ఆ కాలు ఇండక్టెన్స్ 5 నానోహెన్రీలు, కరెంటు నానోసెకనుకు 1 ఆంపియర్ చొప్పున పెరుగుతోందనుకుంటే అక్కడ 5 వోల్టులు పుడతాయి, అవీ గేట్‌కు ఎదురుగా. డ్రైవర్ 18 వోల్టులు పంపితే చిప్‌కు అందేది 13. స్విచ్ మందగిస్తుంది, వేడి పెరుగుతుంది.

గేట్ కోసం విడిగా నాలుగో కాలు పెట్టిన ప్యాకేజీలు వచ్చింది ఇందుకే. అయితే ఈ ఉమ్మడి ఇండక్టెన్స్ పూర్తిగా చెడ్డదేం కాదనే ఇంజనీర్లూ ఉన్నారు. కరెంటు మరీ దూకుడుగా పెరగకుండా అది దానంతటదే కళ్లెం వేస్తుంది, అది పోయాక ఓవర్‌షూట్ (వోల్టేజీ మోతాదు దాటి ఎగరడం), రింగింగ్ (ఆ తర్వాత ఊగిసలాడటం) రెండూ పెరుగుతాయి అంటారు. అదీ నిజమే. మిగతా లూప్ బిగుతుగా లేని డిజైన్‌లో నాలుగో కాలు ఒక్కటే పెట్టి గొప్ప ఫలితం ఆశించడం అత్యాశ. చిప్‌లను పక్కపక్కన కలిపి వాడే చోట మాత్రం ఒక్కో చిప్ దారిలో ఒకటి రెండు నానోహెన్రీల తేడా ఉన్నా స్విచ్ అయ్యే క్షణంలో ఒకటి ఎక్కువ మోస్తుంది, ఒకటి తప్పించుకుంటుంది. అక్కడ ఎవరికీ రెండో మాట లేదు.

హీట్ సింక్ వైపు జారే కరెంటు

మాడ్యూల్ కింద పల్చటి సిరామిక్ పొర, దాని కింద వేడిని లాగేసే లోహపు దిమ్మ, అదే హీట్ సింక్. పై స్విచ్, కింది స్విచ్ కలిసే మధ్య బిందువుకూ హీట్ సింక్‌కూ మధ్య 200 పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఉందనుకుందాం. అక్కడ వోల్టేజీ నానోసెకనుకు 10 వోల్టులు మారితే 2 ఆంపియర్లు భూమి వైపు జారతాయి. 50 వోల్టులు మారితే 10 ఆంపియర్లు. ఎవరూ గీయని దారిలో, ప్రతి స్విచింగ్‌కూ!

ఇది కేబుళ్ల మీదుగా తిరిగి రావాల్సిందే, ఆ తిరుగు ప్రయాణంలో రేడియో నుంచి సెన్సార్ల దాకా అన్నింటినీ కెలుకుతుంది. దీనికి రింగింగ్ తోడు. మన 35 నానోహెన్రీలు స్విచ్ సొంత కెపాసిటెన్స్ 500 పికోఫారడ్లతో కలిసి 38 మెగాహెర్ట్జ్ దగ్గర ఊగుతాయి. వాహనాల్లోని పరికరాలకు వర్తించే సీఐఎస్‌పీఆర్ 25 ప్రమాణంలో వైర్ల ద్వారా వచ్చే రొదను 150 కిలోహెర్ట్జ్ నుంచి 108 మెగాహెర్ట్జ్ దాకా కొలుస్తారు. ఈ ఊగిసలాట సరిగ్గా ఆ గీతల మధ్యనే పడుతుంది. ఇండక్టెన్స్ తగ్గించడానికి రాగిని దగ్గరకు జరిపితే కెపాసిటెన్స్ పెరుగుతుందన్న చిక్కు ఇక్కడే నొప్పి పెడుతుంది. ప్లస్‌నూ మైనస్‌నూ ఎంత దగ్గర పెట్టినా మేలే. స్విచ్ మధ్య బిందువును మాత్రం దేనికీ దగ్గర పెట్టకూడదు.

కేబుల్ పొడవైతే లెక్కే మారుతుంది

ఇప్పటిదాకా ఒక ఊహ మీద నడిచాం: లూప్‌లో ఒక చివర మారింది రెండో చివరకు అప్పటికప్పుడే తెలుస్తుందని. 20 నానోసెకన్ల అంచులో ముఖ్యమైన ఫ్రీక్వెన్సీ 17.5 మెగాహెర్ట్జ్ దాకా ఉంటుంది, గాలిలో దాని తరంగం పొడవు 17 మీటర్లు. 30 సెంటీమీటర్ల ఇన్వర్టర్ అందులో పదో వంతు కూడా కాదు. కాబట్టి పెట్టె లోపల ఊహ నిలుస్తుంది, పెట్టె దాటి మోటారు కేబుల్‌లోకి అడుగుపెడితే కూలుతుంది.

రాయలసీమలోనో తెలంగాణ మెట్ట ప్రాంతాల్లోనో సోలార్ పంపు పెట్టిన పొలం చూడండి. 2019లో మొదలైన పీఎం-కుసుమ్ పథకం వచ్చాక ఇవి కనిపించడం పెరిగింది. ప్యానెళ్ల కింద కంట్రోలర్, అక్కణ్నుంచి బల్లపరుపు మూడు కోర్ల కేబుల్ బోరులోకి దిగి అడుగున సబ్‌మెర్సిబుల్ మోటారును చేరుతుంది. కేబుల్ 150 మీటర్లు, అందులో అల వేగం మైక్రోసెకనుకు 150 మీటర్లు అనుకుందాం. ఇన్వర్టర్ వదిలిన అంచు అడుగుకు చేరడానికి 1 మైక్రోసెకను పడుతుంది. మోటారు వైండింగ్ ఆ వేగానికి దాదాపు మూసిన తలుపులా నిలబడుతుంది. అల వెనక్కి తిరుగుతుంది, వచ్చేదీ పోయేదీ కలిసి మోటారు టెర్మినళ్ల దగ్గర వోల్టేజీ దాదాపు రెండింతలవుతుంది. డీసీ 600 అయితే వైండింగ్ మొదటి చుట్ల మీద పడేది 1200కు దగ్గర, ప్రతి స్విచింగ్‌కూ.

ఏ పొడవు నుంచి ఈ బాధ అంటే, అల వెళ్లి తిరిగొచ్చేలోపే అంచు పూర్తయితే బాధ. 100 నానోసెకన్ల అంచుకు ఆ హద్దు 7.5 మీటర్లు, 20 నానోసెకన్లకు 1.5 మీటరు. బోరు ఏ హద్దుకూ అందదు. దీనికి వాడే మోడల్ వేరు: కేబుల్‌ను మీటరుకు ఇంత ఇండక్టెన్స్, ఇంత కెపాసిటెన్స్ ఉన్న ట్రాన్స్‌మిషన్ లైన్‌గా చూడాలి. బోరులో ఇంకో తిరకాసు ఉంది. కేబుల్‌లో కొంత గాలిలో, కొంత నీళ్లలో ఉంటుంది. నీళ్లలో ఉన్న భాగానికి భూమితో కెపాసిటెన్స్ ఎక్కువ. ఎండాకాలం నీటిమట్టం దిగితే మోటారు మారదు, కేబుల్ మారదు, మోడల్‌లోని అంకెలు మారిపోతాయి. కంట్రోలర్ బయట ఫిల్టర్ పెట్టి అంచును మొద్దుబార్చడమే చాలామంది పట్టే దారి. అంత పొడవు కేబుల్‌కు సిలికాన్ కార్బైడ్ వేగం వల్ల ఒరిగేదేమిటన్న ప్రశ్న సబబైనదే.

స్కోప్‌లో 30, మోడల్‌లో 35

మోడలింగ్ మీద నమ్మకం లేనివాళ్లు అనే మాట ఒకటే: నమూనా కట్టి కొలిస్తే పోయేదానికి ఈ లెక్కలన్నీ ఎందుకు? కొలత అంత అమాయకమైనదేం కాదు. స్కోప్ (వోల్టేజీ మార్పును తెర మీద గీసి చూపే పరికరం) ప్రోబ్‌కు వేలాడే గ్రౌండ్ తీగ, దాని చివర మొసలి క్లిప్ కలిపి 100 నానోహెన్రీలకు పైనే ఉంటాయి. తెర మీద కనిపించే రింగింగ్‌లో ఎంత ఇన్వర్టర్‌దో, ఎంత ప్రోబ్‌దో తేల్చడమే ఒక పని. కరెంటు కొలవడానికి లూప్‌లో షంట్ అనే చిన్న రెసిస్టర్ పెడితే దాని ఇండక్టెన్స్ లూప్‌కు తోడవుతుంది. రాగి చుట్టూ తొడిగే రొగొవ్‌స్కీ కాయిల్ లూప్‌ను తాకదు, కానీ మరీ వేగమైన అంచులను మొద్దుగా చూపిస్తుంది.

అన్నీ జాగ్రత్తగా చేశాం అనుకుందాం. స్ట్రే ఇండక్టెన్స్ కొలవడానికి వాడే మామూలు పరీక్ష డబుల్ పల్స్ టెస్ట్. మొదటి పల్స్‌తో కరెంటును కావలసిన స్థాయికి తెచ్చి, రెండో పల్స్‌లో స్విచ్ ఆన్ అయ్యేటప్పుడు చూస్తారు. కరెంటు పెరుగుతున్నంతసేపూ స్విచ్ మీద వోల్టేజీ ఒక మెట్టు కిందికి దిగి ఉంటుంది. ఆ మెట్టు 90 వోల్టులు, కరెంటు వేగం 3 అయితే ఇండక్టెన్స్ 30 నానోహెన్రీలు. మన మోడల్ 35 అంది. ఎవరిది తప్పు?

ఇద్దరిదీ ఒప్పు కావచ్చు. ప్రోబ్ పెట్టింది మాడ్యూల్‌లో ఆ ఒక్క స్విచ్ టెర్మినళ్ల మీద. చిప్ దాని లోపల, చిప్‌ను టెర్మినల్‌తో కలిపే సన్నటి బాండ్ వైర్ల అవతల, ఇన్సులేషన్ జెల్ కింద ఉంది. మాడ్యూల్ లోపలి 15లో ఈ టెర్మినళ్లకూ చిప్‌కూ మధ్య 5 నానోహెన్రీలుంటే వాటి వోల్టేజీ ప్రోబ్ రెండు మొనల మధ్యలోనే పడి మెట్టును అంతమేర పూడుస్తుంది. స్విచ్ ఆఫ్ అయ్యేటప్పుడు ఇదే తేడా తిరగబడి ప్రమాదంగా మారుతుంది. సిలికాన్ కార్బైడ్ వేగం 15తో టెర్మినళ్ల దగ్గర కనిపించేది 600 + 30 × 15 = 1050 వోల్టులు. 1200కు ఇంకా 150 ఉందని తెర చూసి ఊపిరి పీల్చుకోవచ్చు. లోపల చిప్ మీద పడుతున్నది 1125. మధ్యలోని 75 వోల్టులు మూత తీయకుండా ఏ ప్రోబ్‌కూ అందవు. వాటిని చూపించేది మోడల్ ఒక్కటే, అదీ మాడ్యూల్ తయారీదారు లోపలి ఇండక్టెన్స్ మొత్తం ఒకే అంకెగా చెప్పకుండా ఏ ముక్కకు ఎంతో విడదీసి ఇచ్చినప్పుడు.